సగం నేర్పిన కట్టు

మా వీధి చివర అద్దెకుంటున్న టీచరమ్మకు వాళ్ల బడిలో స్కౌటు దళం బాధ్యత అప్పగించారట. నేను ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేశానని ఎవరో చెబితే ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"తల్లిదండ్రులు వచ్చి ఇది దేనికి, మా పిల్లలకేం వస్తుంది అని అడుగుతున్నారు మాస్టారూ. పుస్తకంలో ఉన్నది చదివి చెబితే వాళ్లకు ఎక్కడం లేదు. మీరైతే ఏం చెప్పేవారు?" అంది.

నాకు తోచిన నాలుగు మాటలు చెప్పి, కాఫీ ఇచ్చి పంపాను. ఆమె వెళ్లాక నా జవాబు నాకే చప్పగా అనిపించింది. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. అది నాకు ఒక మేకల కాపరి నేర్పిన సంగతి. నోటితో చెబితే తడబడతానని కాగితం మీద పెడుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ, పిల్లల్ని కొత్తగా పంపే ఇళ్లవాళ్లకూ పనికొస్తే సంతోషం.

ఇది పట్టాళం కాదు

రాష్ట్రం ఏర్పడిన కొత్త. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. తర్లుపాడు వైపు ఒక పల్లెలో హైస్కూలు పెట్టారు. నాది గిద్దలూరు దగ్గర ఊరు. ట్రైనింగు ముగించుకుని నేరుగా ఆ బడిలో చేరాను. చేరిన నెలకే హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"నీకు వయసుంది, గొంతుంది, పెళ్లి కాలేదు. స్కౌటు నువ్వు చూసుకో" అన్నారు.

పది రోజుల శిబిరానికి పంపారు. అక్కడి నుంచి ఒక విజిలు, ఒక నోటుపుస్తకం, మెడ చుట్టూ కట్టుకునే స్కార్ఫు తెచ్చుకున్నాను. వచ్చీ రాగానే ఇరవై నలుగురు పిల్లల్ని ఎంచుకుని, ఖాకీ నిక్కర్లు వేయించి, చేతికొక కర్ర ఇచ్చి, మైదానంలో నడిపించడం మొదలుపెట్టాను. వాళ్ల ఇళ్లలో ఒక్కరితోనూ ముందుగా మాట్లాడలేదు. మాట్లాడాలని తోచనే లేదు.

మూడో రోజున ఒకామె కొంగు నడుముకు చుట్టుకుని నేరుగా మైదానంలోకి వచ్చింది. పేరు నాగమ్మ. మేకలు, గొర్రెలు కాచుకునే కుటుంబం.

"ఏంది అయ్యవారూ ఇది? మా గురవణ్ణి పట్టాళానికి రాసుకున్నారంట! ఊరంతా చెప్పుకుంటా ఉండారు. ఉన్నది ఒక్క మగబిడ్డ. నేను పంపను, ఏం చేసుకుంటారో చేసుకోండి."

"పట్టాళం కాదమ్మా, స్కౌటు."

"పేరేదైతే ఏంది? కర్ర ఇచ్చినారు, నడిపిస్తా ఉండారు. రేపు తుపాకి ఇస్తారు."

పిల్లలందరూ చూస్తుండగా ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. వాడు వెనక్కి తిరిగి నన్ను చూస్తూ పోయాడు.

అదే వారంలో ఇంకో తగాదా. స్కౌట్లు ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు ఎడమచేయి కలుపుతారు. ఎడమవైపు గుండె ఉంటుంది, మనసారా పలకరించడమని దాని అర్థం. నేను పిల్లలకు ఆ మాట చెప్పాను కాని, ఇళ్లలో పెద్దలకు చెప్పలేదు. రామిరెడ్డి అని ఊళ్లో పెద్ద రైతు, వాళ్ల పెద్ద మనవడు ఇంటికొచ్చిన చుట్టాలకు ఎడమచేయి చాచాడట. ఆయన బడికి వచ్చి, "ఎడమచేత్తో పలకరించేది ఏ చదువు సామీ? ఆ చుట్టాలు మా ఇంట్లో అన్నం తినకుండా పోయినారు" అని నిలదీశాడు.

హెడ్మాస్టరు ఆయన్ను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, శాంతపరచి పంపారు. తర్వాత నాతో, "పిల్లల్ని నువ్వు బడి నుంచి తీసుకున్నానని అనుకుంటున్నావు. కాదు, ఇళ్ల నుంచి తీసుకున్నావు. పోయి ఇల్లిల్లూ తిరుగు" అన్నారు. ఆయన మీద నాకు తర్వాత కోపం వచ్చిన సందర్భం ఉంది. ఈ మాటకు మాత్రం ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఇరవై నాలుగు ఇళ్లూ తిరిగాను. అప్పుడు నేర్చుకున్న మాటల్నే మీకూ చెబుతాను. స్కౌటు అంటే ఆరేడు మంది పిల్లలు ఒక జట్టు. వాళ్లలోంచే ఒకడు జట్టు నాయకుడు. నాలుగు జట్లు కలిస్తే దళం. మాస్టరు ముందుండి లాగడు, వెనకుండి చూస్తాడు. చేరేటప్పుడు పిల్లవాడు ఒక మాట ఇస్తాడు. దేవుడి పట్ల, దేశం పట్ల నా పని నేను చేస్తాను, ఎదుటివాళ్లకు సాయపడతాను, నియమం తప్పను అని. మాట ఇస్తాడే గాని ఎవరూ వాడి చేత ఏమీ రాయించుకోరు. ముడులు వేయడం, దిక్కు పట్టుకోవడం, తన అన్నం తాను వండుకోవడం, దెబ్బ తగిలినవాళ్లకు డాక్టరు వచ్చేలోగా చేయాల్సింది చేయడం నేర్చుకుంటాడు. రోజుకొక మంచిపని చేస్తాడు. అది ఇంట్లో నీళ్లు తోడిపెట్టడమైనా సరే. నిక్కరు లేకపోయినా ఫరవాలేదు, స్కార్ఫు ఒక్కటి చాలు. ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానేయవచ్చు.

ఇంతే. దీనికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ముందే ఖర్చుపెట్టి ఉంటే నాగమ్మ మైదానంలోకి వచ్చేది కాదు.

కొండయ్య అడిగిన ప్రశ్న

గురవయ్య ఇల్లు ఊరికి మైలున్నర దూరంలో, మేకల దొడ్డి పక్కనే ఉండేది. నేను పోయేసరికి వాళ్ల నాయన కొండయ్య కూర్చుని మేకపిల్ల కాలికి దిగిన ముల్లు తీస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నేను చెప్పిందంతా ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా విన్నాడు.

"అన్నీ బాగానే ఉండాయి అయ్యవారూ. మీ ఆట ఏ పూట?"

"ఆదివారం పొద్దున."

"ఆదివారమే గదా వాడు నాకు దొరికేది. మిగతా దినాలు బడికి పోతాడు. ఆ పొద్దు గూడా నువ్వు తీస్కపోతే నాకు మండ ఎవరందిస్తారు?"

ఎండాకాలంలో గడ్డి దొరకనప్పుడు కాపరులు చెట్ల కొమ్మలు నరికి మేకలకు వేస్తారు. దాన్నే మండ కొట్టడం అంటారు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు లాగి వేయాలి.

నేను అక్కడే ఆలోచించి, "శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక పెడతాను" అన్నాను.

కొండయ్య అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. "మా కోసరం దినం మారుస్తావా?"

"అందరికీ అదే వీలు" అన్నాను. నిజానికి ఆ సంగతి నేను ఎవరినీ అడగలేదు. తర్వాత అడిగితే అందరూ శనివారమే మేలన్నారు.

నాగమ్మ గడపలో నిలబడి వింటోంది. "తుపాకి ఇయ్యరు గదా?" అంది చివరిసారిగా.

"ఇవ్వరమ్మా."

అలా గురవయ్య మళ్లీ వచ్చాడు. వాడికి పదమూడేళ్లు. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. ముడులు నేను నేర్పకముందే సగం వాడికి తెలుసు. మేకను కట్టే ముడి, దడి కట్టే ముడి, బొక్కెనకు వేసే ముడి. నాకు తెలియనివి రెండు వాడి దగ్గర నేను నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి జట్టు నాయకుడయ్యాడు.

నేను చేసిన తప్పు

చలికాలం చివర్లో దళాన్ని చూడటానికి జిల్లా నుంచి తనిఖీ అధికారి వస్తున్నారని కబురు వచ్చింది. హెడ్మాస్టరు హడావిడి పడ్డారు. అధికారికి ప్రథమ చికిత్స అంటే ఇష్టమట. అందులోనూ రక్తం ఆపే కట్టు చూపిస్తే చాలా సంతోషిస్తారట. గాయానికి పైన గుడ్డ కట్టి, అందులో పుల్ల దూర్చి మెలితిప్పే కట్టు అది. చూడటానికి గొప్పగా ఉంటుంది.

ఒక శనివారం పావుగంటలో నేర్పేశాను. గుడ్డ ఎక్కడ కట్టాలి, పుల్ల ఎలా తిప్పాలి, ఎలా ఆపాలి. పిల్లలు ఉత్సాహంగా ఒకరి చేతికి ఒకరు కట్టుకున్నారు. కాని ఆ పాఠంలో ముందు భాగమూ ఉంది, వెనక భాగమూ ఉంది. ముందు భాగం ఏమిటంటే, శుభ్రమైన గుడ్డ గాయం మీదే పెట్టి అరచేత్తో గట్టిగా అదిమితే చాలా గాయాల్లో రక్తం అక్కడికే ఆగిపోతుంది, మెలిక కట్టు అవసరమే పడదు. వెనక భాగం ఏమిటంటే, తప్పనిసరై కడితే కట్టిన వేళ గుర్తుపెట్టుకోవాలి, ఎక్కువసేపు ఉంటే చెయ్యే దెబ్బతింటుంది, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి చేర్చాలి. ఈ రెండూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను. వచ్చే వారం నడక ప్రాక్టీసు సరిపోయింది. ఆపై వారం అధికారి వచ్చారు, కట్టు చూశారు, నా భుజం తట్టి వెళ్లారు. మిగతా పాఠం నోటుపుస్తకంలోనే ఉండిపోయింది.

తుమ్మచెట్టు కింద

ఎండలు మొదలైన ఒక ఆదివారం కొండయ్య కొడుకును తీసుకుని మండ కొట్టడానికి పోయాడు. పొడుగాటి వెదురుకు కొడవలి కట్టి తుమ్మకొమ్మలు కోస్తున్నాడు. కట్టు వదులై కొడవలి జారి ఎడమ ముంజేతి మీద పడింది. గాయం లోతుగా తెగింది. రక్తం ధారగా కారడం చూసి కొండయ్యకు కళ్లు తిరిగి చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

చుట్టూ ఎవరూ లేరు. గురవయ్య మెడలో స్కార్ఫు ఉంది. వాడు దాన్ని ఎప్పుడూ తీసేవాడు కాదు. తండ్రి మోచేతికి పైన కట్టి, తుమ్మపుల్ల దూర్చి, శక్తికొద్దీ మెలితిప్పాడు. రక్తం ఆగింది. తండ్రిని లేపి, భుజం ఆనించి, ఊళ్లోకి నడిపించాడు. అక్కడ బండి కట్టారు. మార్కాపురం ఆసుపత్రి మూడు కోసులు, అంటే ఆరేడు మైళ్ల దూరం. చెట్టు కింద కట్టిన కట్టు డాక్టరు విప్పేసరికి మూడు గంటలు దాటింది. దారిలో చెయ్యి మొద్దుబారిందని కొండయ్య అంటే, "వదులు చేస్తే రక్తం పోతాది నాయనా, ఓర్చుకో" అని గురవయ్య పుల్లను ఇంకో చుట్టు తిప్పాడట.

కబురు ఊరంతా పాకింది. స్కౌటు పిల్లవాడు తండ్రి ప్రాణం కాపాడాడని. సోమవారం పొద్దున ప్రార్థన వేళ హెడ్మాస్టరు గురవయ్యను ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారు. తర్వాత నన్నూ పిలిచారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు ఎంత తియ్యగా ఉన్నాయో దాచను. ఈ బిడ్డకు పతకం ఇవ్వాలని కోరుతూ కర్నూలుకు ఉత్తరం పంపుతున్నామని హెడ్మాస్టరు అక్కడే ప్రకటించారు.

ఆ మధ్యాహ్నమే నేను కొండయ్యను చూడటానికి మార్కాపురం పోయాను. అతను నిద్రపోతున్నాడు. డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచారు. నెమ్మదస్తుడు.

"పిల్లలకు నేర్పేది మీరేనా?"

"అవునండీ" అన్నాను, ఇంకా చప్పట్ల మత్తులోనే.

"రక్తం ఆపాడు, మంచిదే. కాని అదిమి పట్టుకుంటే ఆగే గాయం అది. అంత గట్టిగా, అంతసేపు కట్టడం వల్ల నరం నలిగింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకోవడం లేదు, స్పర్శ కూడా లేదు. తిరిగి వస్తుందని గట్టిగా చెప్పలేను. ఇంకో గంట ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి వచ్చేది." నా వైపు తిరిగి, "కట్టు సంగతి నేర్పినప్పుడు విప్పే సంగతి నేర్పలేదా?" అని అడిగారు.

అక్కడి నుంచి రైలు స్టేషనుకు ఎలా నడిచానో నాకు గుర్తు లేదు.

మూడు వారాలు

ఎవరికీ చెప్పలేదు. చెబితే గురవయ్య మనసు విరిగిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. మిగతాది నా పేరు గురించిన భయం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పిల్లవాడి కోసమే దాస్తున్నానని మీకు అనిపించినప్పుడు, ఇంకెవరి కోసం కూడా దాస్తున్నారో కాస్త చూసుకోండి.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం బడి బావి దగ్గర నుంచి ఏడుపు వినిపించింది. వెళ్లి చూస్తే రామిరెడ్డి చిన్న మనవడు, ఎనిమిదేళ్లవాడు, మెట్ల మీద జారి మోకాలు గీరుకున్నాడు. రక్తం చెంచాడు కూడా లేదు. నా స్కౌట్లు నలుగురు వాడి మీద కూర్చుని, తొడకు స్కార్ఫు కట్టి, పుల్లతో మెలితిప్పుతున్నారు. కాలు నల్లబడుతోంది. వాడు కేకలు పెడుతున్నాడు.

"ఊరుకోరా, గురవడు వాళ్ల నాయనకు ఇట్లనే కట్టినాడు" అని ఒకడు వాణ్ణి సముదాయిస్తున్నాడు.

నేను పరుగెత్తి కట్టు విప్పాను. కాలికి రంగు వచ్చేదాకా రుద్దుతూ కూర్చున్నాను. ఆ నలుగురూ నేను మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తున్నారు. ఒక్కడి మీద తప్పు పెట్టడానికి నాకు నోరు రాలేదు.

నేరుగా హెడ్మాస్టరు గదికి పోయి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఉత్తరం వెళ్లిపోయింది. పతకం వస్తే బడికి పేరు. పిల్లలకు రేపటి నుంచి సరిగ్గా నేర్పు, ఎవరు కాదన్నారు? పాతది తవ్వడం ఎందుకు? ఆ కుర్రాడు ఏమైపోతాడో ఆలోచించావా?"

ఆ చివరి ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి దగ్గరికి ఆదివారం పోయాను.

దొడ్డి దగ్గర

కొండయ్య అప్పటికి ఇంటికి వచ్చేశాడు. మేకను మోకాళ్ల మధ్య పట్టుకుని కుడిచేత్తో పాలు పితుకుతున్నాడు. ఎడమచేయి ఒళ్లో ఉంది. రెండు వేళ్లు చాచుకునే ఉన్నాయి. గురవయ్య మేకల వెంట పోయి ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని, డాక్టరు నాతో అన్నదంతా చెప్పాను.

అతను పితకడం ఆపలేదు. "నాకు తెలుసు అయ్యవారూ. నాకూ చెప్పినాడు డాక్టరు."

"మరి గురవయ్యకు చెప్పలేదేం?"

"వాడు పోయిన ప్రతి ఇంట్లో పిలిచి బెల్లం ముక్క పెడతా ఉండారు. వాళ్లమ్మ అందరికీ చెప్పుకుని మురిసిపోతా ఉండాది. నావి రెండు వేళ్లే గదా. వాని సంతోషం చెడగొట్టాలనిపించలా."

"నా మీద కోపం లేదా?"

"ఉండాది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. "కట్టినాక ఏం చేయాలో గూడా చెప్పుంటే చేసేవోడు వాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, నాకు తెలుసు."

నేను బావి దగ్గర జరిగింది చెప్పాను. అప్పుడు అతని చెయ్యి ఆగింది. మేకను వదిలేశాడు.

"అట్లయితే చెప్పాల్సిందే" అన్నాడు చివరికి. "రేపు వీడే ఇంకొకరికి కడతాడు. లేదంటే వీణ్ణి చూసి ఇంకొకడు కడతాడు. కానీ ఒకటి అయ్యవారూ. తప్పు వాడు చేసినట్టు చెప్పొద్దు. నువ్వు సగం నేర్పినావు, వాడు నేర్పినంత చేసినాడు. అట్లనే చెప్పు. నా ముందర చెప్పు."

నా ఉద్యోగంలో పై అధికారులు నన్ను కొన్నిసార్లు మందలించారు. వాటిలో ఒక్కటీ గుర్తు లేదు. ఈ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

పొద్దు వాలేవేళకు గురవయ్య మేకల్ని తోలుకొచ్చాడు. నన్ను చూసి ముఖం వెలిగింది, ఎడమచేయి చాచాడు. నేను ఆ చెయ్యి పట్టుకునే కూర్చోబెట్టి, కొండయ్య చెప్పిన మాటలనే వాడాను. వాడు వింటూ వింటూ తండ్రి వేళ్ల వైపు చూశాడు.

"నేనే చేసినానా నాయనా?"

"నువ్వు రక్తం ఆపినావురా. ఇంకోటి నీకు తెలీదు. తెలీంది నీ తప్పు గాదు."

వాడు ఏడవలేదు. లేచి మేకల మధ్యలోకి పోయి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. సోమవారం నా బల్ల మీద వాడి స్కార్ఫు, ఉతికి మడతపెట్టి ఉంది.

అందరినీ పిలిచాను

పతకం అడగవద్దని, జరిగింది ఇదీ అని కర్నూలుకు నేనే ఉత్తరం రాసి హెడ్మాస్టరు ముందు పెట్టాను. ఆయన మారు మాట్లాడకుండా సంతకం చేశారు. రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. కాని సంతకం చేశారు. ఆయన కాదనగలిగి ఉండీ కాదనలేదు. అందుకే కోపంతోపాటు గౌరవమూ మిగిలింది.

గురవయ్య నాలుగు శనివారాలు రాలేదు. దళంలో మిగతా పిల్లలకు మొత్తం చెప్పి, పాఠం మళ్లీ మొదటి నుంచి నేర్పాను. అయినా తృప్తి కలగలేదు. ఇళ్లలో పెద్దలకూ తెలియాలి. దెబ్బలు తగిలేది బడిలో కాదు, పొలంలో, దొడ్డిలో, పలకల రాయి తీసే గనిలో. అయిదో శనివారం తల్లిదండ్రులందరినీ రమ్మని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా ఏ ఊళ్లో పనిచేసినా, దళం పెట్టిన మొదటి శనివారం ఇళ్లవాళ్లను పిలిచాను. కురిచేడులో పిలిచాను, ముండ్లమూరులో పిలిచాను. ఇది ఏమిటి, మీ పిల్లలకు ఏం నేర్పుతాం, ఏం నేర్పలేం, మాకు ఏం చేతకాదు అన్నది ముందే చెప్పేవాణ్ణి. పాఠం కూడా పిల్లలతోపాటు వాళ్లకూ చెప్పేవాణ్ణి. గురవయ్య తర్వాత రైలుపట్టాల మీద పనికి చేరాడు. తన గ్యాంగులో ఎవరికి దెబ్బ తగిలినా ముందు వాణ్ణే పిలుస్తారని నాకు తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఏ పతకమూ ఇచ్చేది కాదు. ఈ మొత్తానికి మొదలు ఆ అయిదో శనివారం. అది ఎలా జరిగిందో చెప్పి ముగిస్తాను.

ఎవరూ రారనుకున్నాను. బడి వరండా నిండిపోయింది. గొర్రెల కాపరులు వచ్చారు, రైతులు వచ్చారు, గనిలో పలకలు చీల్చేవాళ్లు ఒంటి మీద బూడిదరంగు దుమ్ముతోనే వచ్చారు. వెనక బెంచీ మీద హెడ్మాస్టరు కూర్చున్నారు. కొండయ్య ముందు వరసలో ఉన్నాడు. నాగమ్మ స్తంభం దగ్గర నిలబడింది. ఆమె వెనక, సగం కనబడుతూ, గురవయ్య.

నేను చేసింది దాచకుండా చెప్పాను. చెప్పడం పూర్తికాకముందే రామిరెడ్డి లేచాడు.

"అంటే మా పిల్లోని కాలు నల్లబడింది మీరు సగం నేర్పినందుకా? ఇందుకేనా మా పిల్లల్ని తీస్కపోయేది? రేపటి నుంచి మా ఇంటి నుంచి ఎవరూ రారు."

వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. ఆయనన్నది న్యాయమే. అప్పుడు కొండయ్య నెమ్మదిగా లేచి, ఎడమచేయి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"రెడ్డీ, నష్టపోయింది నేను. నేను కూర్చోనుండా, నువ్వు లేసి పోతావా? ఆ పొద్దు మావాడు లేకుంటే చెట్టు కింద నన్ను లేపే దిక్కు లేదు. వానికి సగం తెలిస్తే నేను ఇంటికొచ్చినా. మొత్తం తెలిసుంటే వేళ్లు గూడా వచ్చేవి. అందుకని మిగతా సగం గూడా నేర్పమని అడుగుదాం. మనకు గూడా నేర్పమందాం."

రామిరెడ్డి ఆ చెయ్యి వైపు చూసి, కూర్చున్నాడు.

కొండయ్య స్తంభం వైపు తిరిగాడు. "గురవా, ఇట్లరా."

వాడు కదల్లేదు. నాగమ్మ వాడి వీపు మీద చెయ్యి పెట్టి మెల్లగా ముందుకు తోసింది. తల వంచుకుని వచ్చాడు. కొండయ్య బెంచీ మీద కూర్చుని ఎడమచేయి చాచాడు. మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"నేర్పు అయ్యవారూ. వీనికి. నా చెయ్యి మీదనే."

నేను ఉతికిన గుడ్డ మడిచి గురవయ్య చేతికిచ్చాను. మచ్చ మీద పెట్టమన్నాను. అరచెయ్యి ఆనించి అదమమన్నాను. కొండయ్య ముంజేతిని గుండె కంటే పైకి ఎత్తి పట్టుకోమన్నాను. వాడు గుడ్డ మీద చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టాడు.

"ఇంకా గట్టిగా పట్టు" అన్నాడు కొండయ్య. "నాకు ఆ రెండు వేళ్లకే తెలీదు. చేతికి బాగా తెలుస్తాది."

గురవయ్య గట్టిగా పట్టుకున్నాడు. ఎంతసేపు అదమాలో అందరికీ తెలియాలని నేను గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టాను. రామిరెడ్డి కూడా వంగి చూస్తున్నాడు. లెక్క పూర్తయ్యాక, "చాలు గురవయ్యా, ఇక వదులు" అన్నాను.

వాడు వదల్లేదు. తల ఇంకా కిందికి వంచి, రెండు చేతులతో తండ్రి ముంజేతిని పట్టుకునే ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

నేను మళ్లీ చెప్పబోతుంటే కొండయ్య కుడిచెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఉండనీ అయ్యవారూ" అన్నాడు. "ఇంకొంచెం సేపు పట్టుకోనీ."